మొదటిసారి వచ్చే సహోదరీలకు సూచనలు

నవంబర్ 3, సోమవారం

నిన్న చర్చిలో ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కమిటీ కూర్చుంది. టీలు తాగి, బిస్కెట్లు తిని, చేతులు దులుపుకుని పనంతా నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు. ఈ నెల ఇరవై ఒకటి నుంచి మూడురోజులు మహాసభ. నరసాపురం వైపు సంఘాల నుంచి ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. చాలామంది హైదరాబాదు మొహం చూడనివాళ్ళే. వాళ్ళకోసం ఒక కాగితం రాయాలట. ఎక్కడ దిగాలి, ఏం ఎక్కాలి, ఏం చూడాలి, ఏం చెయ్యకూడదు, అన్నీ.

“మన జెనీఫర్ తెలుగు చక్కగా ఉంటుంది. పైగా ఆ వైపు పిల్లే” అన్నారు దేవమణి గారు. సమాజం ప్రెసిడెంటు ఆవిడ. పంజాగుట్టలో సొంతిల్లు, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. “ఆ వైపు పిల్లే” అనేటప్పుడు ఆవిడ ముక్కు కొంచెం పైకి లేస్తుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను ఆ ముక్కుని.

ఒప్పుకున్నాను. మైత్రీవనంలో కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుని పొద్దస్తమానం నేను చేసేది అదేగా. బ్యాగు మోసుకుంటూ వచ్చిన ప్రతి పిల్లకీ హాస్టల్ ఎటు, మెస్సు ఎటు, రోడ్డుమీద ఎవడిచ్చిన పాంప్లెట్టూ పుచ్చుకోకు అని చెప్పీ చెప్పీ నా గొంతంటే నాకే రోత పుట్టింది. ఇంకో ముప్పై ఇద్దరికి చెబితే అరిగిపోయేదేం లేదు.

నవంబర్ 5, బుధవారం

మధ్యాహ్నం జనం లేనప్పుడు రాసేశాను. పన్నెండు సూచనలయ్యాయి. బాగా వచ్చాయి, అబద్ధమెందుకు.

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటోవాళ్ళు చుట్టుముడితే మొహమాటానికి కూడా నవ్వకండి, నవ్వారంటే మీ బ్యాగు ఆటోలో ఉంటుంది. అమీర్‌పేట మెట్రోలో రెండు లైన్లు కలుస్తాయి, జనం తోస్తారు, భయపడకుండా గోడవారన నిలబడండి. కదిలే మెట్లు ఎక్కేటప్పుడు కుచ్చిళ్ళు చేత్తో పైకి పట్టుకోండి. ఇక్కడి సిటీబస్సులో ఆడవాళ్ళకి టికెట్ లేదని విని ఎక్కి కూర్చోకండి, అది తెలంగాణ ఆధార్ ఉన్నవాళ్ళకి, మీరు టికెట్ తీసుకోవాలి. చార్మినార్‌కి మెట్రో వెళ్ళదు. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. లాడ్‌బజార్‌లో గాజులకి చెప్పిన ధరలో సగం అడగండి, అడిగినందుకు సిగ్గుపడకండి. ఎవరైనా “జర జరుగు” అంటే తిట్టారనుకోకండి, ఇక్కడ అది మామూలు మాట.

పక్క సీటు రవళి చదివింది. సిద్దిపేట పిల్ల, నోరు దాచుకోదు. “మస్తు రాసినవ్ అక్కా. మా అమ్మ ఫస్ట్ టైమ్ వచ్చినప్పుడు గీ కాగితం ఉంటే ఎస్కలేటర్ కాడ అరగంట నిలబడకపోతుండె” అంది.

మనసులో సంతోషపడ్డాను. ఈ ఊరికి నేను వచ్చినప్పుడు నాకెవరూ ఏమీ చెప్పలేదు.

నవంబర్ 9, ఆదివారం

ఛీ.

కమిటీలో కాగితం చదివాను. అందరూ బాగుందన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో ముక్క కలపడం మొదలుపెట్టారు.

వచ్చేవాళ్ళలో సగంమంది రొయ్యల కంపెనీల్లో రొయ్యలు వలిచేవాళ్ళని పాస్టర్ అయ్యగారి నోటినుంచి వచ్చింది. దయారత్నం అయ్యగారికి ఎక్కడ ఏం చెప్పకూడదో తెలీదు. అంతే, గదిలో గాలి మారిపోయింది. వచ్చేవాళ్ళు మూడురోజులూ మన సంఘస్థుల ఇళ్ళలో ఉండాలి, అది మా సంఘం మొదటినుంచీ పాటిస్తున్న పద్ధతి. యూసుఫ్‌గూడ ఆవిడ వెంటనే “మా సోఫా కవర్లు మొన్ననే కుట్టించాం. ఆ వాసన ఎంత తోమినా పోదంటారు” అంది. ఇంకొకావిడ, వాళ్ళ కంచాలూ గ్లాసులూ వాళ్ళే తెచ్చుకుంటే నయం అంది. మరొకావిడకి బాత్రూమ్ బెంగ. మరొకావిడకి పరుపుల బెంగ. క్రితం ఆదివారమే ఈ నోళ్ళన్నీ చేరి ‘అతిథులను ప్రేమించుడి’ అని గోడమీద అట్టముక్క తగిలించాయి.

చివరికి దేవమణి గారు, “అవన్నీ అలా అనకూడదమ్మా. ప్రేమగా చెప్పాలి. జెనీఫర్, నువ్వు ప్రేమగా రాయి” అన్నారు.

పెన్ను తీశాను.

కంచాల ముక్క ఇలా రాశాను: “ఆరోగ్యము దృష్ట్యా ఎవరి కంచము, గ్లాసు వారు వెంట తెచ్చుకొనుట మేలు.” పరుపులది: “గృహములలో మంచములు పరిమితముగా ఉన్నందున ప్రతి సహోదరియు ఒక చాప తెచ్చుకొనవలెను.” వాసన ముక్క కష్టమైంది. కాసేపు ఆలోచించి, “ప్రయాణమునకు రెండు దినముల ముందుగా పని మానుకొని, విశ్రాంతి పొంది, ప్రార్థనతో సిద్ధపడవలెను” అని రాశాను. రెండురోజులు పనికి పోకపోతే చేతుల్లో వాసన పోతుందని ఎవరికీ అనిపించదు. ప్రార్థన గురించే అనుకుంటారు.

“చూశారా, దీన్నంటారు భాష” అన్నారు దేవమణి గారు.

మనుషులంటే ఇంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు. కానీ ఆ వాక్యం మాత్రం నిజంగానే బాగా కుదిరింది.

నవంబర్ 10, సోమవారం

వచ్చేవాళ్ళ జాబితా అక్కడి సంఘం నుంచి వాట్సాప్‌లో వచ్చింది. పేరు, వయసు, చేసే పని.

పంతొమ్మిదో పేరు బుచ్చమ్మ, యాభై ఎనిమిది, రొయ్యల కంపెనీ.

మా పిన్ని.

నవంబర్ 11, మంగళవారం

నిన్న ఆదివారం ఫోన్‌లో మాట్లాడినప్పుడు పిన్ని ఒక్క ముక్క చెప్పలేదు. కాదు, ఆదివారం మొన్న. రోజులు కూడా సరిగ్గా గుర్తుండడం లేదు.

నాకు చెప్పకుండా పేరు ఇవ్వడమేంటి? ఆశ్చర్యపరుద్దామనుకుందేమో. చిన్నపిల్ల అనుకుంటోందా?

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. పొద్దున్న ఐదింటికి కంపెనీ వ్యాన్ ఎక్కి పోయేది, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా రొయ్యలు వలిచేది, సాయంత్రం వచ్చి వేళ్ళ పగుళ్ళకి వేజలైన్ రాసుకుని నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. బైబిలు చదవడం కోసం నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకుంది, నా దగ్గరే. నన్ను డిగ్రీ చదివించి కోచింగ్‌కని ఈ ఊరు పంపింది. అదంతా నేనేం మర్చిపోలేదు. ఎవరైనా మర్చిపోయానంటే ఊరుకోను.

మా ఆయన నేతన్‌కి చెప్పింది వేరు. పెళ్ళిచూపుల్లో వాళ్ళమ్మగారు అడిగినప్పుడు, పిన్ని ఎక్స్‌పోర్ట్ కంపెనీలో సూపర్‌వైజర్ అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు, రొయ్యలు ఎక్స్‌పోర్టే అవుతాయి. పెళ్ళికి పిన్ని రాలేకపోయింది, రిజర్వేషన్ దొరకలేదు. ఆ తర్వాత ఇంటికి రమ్మందామంటే ఏదో ఒకటి అడ్డం. నేతన్ రెండుమూడుసార్లు మీ ఊరు వెళ్దామన్నాడు. అతనికి లక్డీకాపూల్ ఆఫీసులో సెలవులు దొరకవు. దొరికిన ఒకటి రెండుసార్లు నాకు కుదరలేదు.

రిజర్వేషన్ దొరకలేదు. నిజానికి నేను చూడలేదు. సరే, ఇక్కడైనా రాయాలి కదా. పెళ్ళికి పిన్నికి టికెట్ నేను చూడనే లేదు.

నవంబర్ 13, గురువారం

ఎవరింటికి ఎవరు అన్న జాబితా నేనే వెయ్యాలి. ఫోన్లమీద ఫోన్లు. ఒప్పుకున్నవాళ్ళకి ఉన్నట్టుండి ఇళ్ళలో జ్వరాలు, పరీక్షలు, పెయింటింగ్ పనులు. ఎస్.ఆర్. నగర్ ఆవిడ, “టీచర్లెవరైనా ఉంటే ఇద్దర్ని పంపు, వేరేవాళ్ళొద్దు” అని విడమరిచి మరీ చెప్పింది. కనీసం ఆవిడ దాచుకోలేదు.

సాయంత్రానికి పద్నాలుగుమంది మిగిలారు. వాళ్ళకి అమీర్‌పేటలో మా చర్చి వెనక సండేస్కూల్ హాలు. మా ఫ్లాట్‌కి నాలుగిళ్ళ అవతల. ఆ పద్నాలుగుమందీ రొయ్యలవాళ్ళే అని వేరే చెప్పక్కర్లేదు.

పిన్ని పేరు ఎటూ వెయ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో గది ఖాళీయే. హాలు జాబితాలో వేశాను. తోటివాళ్ళతో ఉంటే తనకే కులాసా. ఒక్కదాన్నే విడదీసి తెచ్చి మా ఇంట్లో కూర్చోబెడితే బిక్కచచ్చిపోతుంది.

నవంబర్ 15, శనివారం

కాగితం చివర ఇంకో సూచన కలిపాను.

“నగరములో బంధుమిత్రులు గల సహోదరీలు సభ జరుగు దినములలో వారిని కలిసికొనుటకు గాని, పరిచయము చెప్పుకొనుటకు గాని ప్రయత్నింపక, కమిటీ ఏర్పాటు చేసిన చోటనే ఉండవలెను. ఎవరికిని ఇబ్బంది కలిగింపరాదు.”

ఇలాంటిది ఉండడం మంచిదే. ముప్పై ఇద్దరిలో ఎవరు ఎక్కడికి పోయారో వెతుక్కోలేం కదా. ఏ సభలోనైనా ఉండే రూలే ఇది.

నవంబర్ 16, ఆదివారం

దేవమణి గారు చివరి సూచన రెండుసార్లు చదివి “ఇది నాకు తట్టనే లేదు సుమా” అన్నారు. అయ్యగారు కాగితం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేతన్ వెళ్ళి జిరాక్సులు తీయించుకొచ్చాడు, ఒకటి మా ఫ్రిజ్‌కి కూడా అంటించాడు. “మా ఆవిడ రాసింది” అని షాపతనికి చూపించాడట. అక్కడి సంఘానికి వాట్సాప్‌లో పంపేశాను.

ప్రతి ఆదివారం మూడింటికి పిన్ని ఫోన్ వస్తుంది. ఇవాళ రాలేదు.

నవంబర్ 17

రాలేదు. సిగ్నల్ ఉండదు వాళ్ళకి.

నవంబర్ 19, బుధవారం

సిగ్నల్ ఉంది. నేను చేస్తే రింగయింది. ఎత్తలేదు.

నవంబర్ 21, శుక్రవారం

పొద్దున్నే అయ్యగారూ నేనూ స్టేషన్‌కి వెళ్ళాం. ముప్పై ఇద్దరూ దిగి ప్లాట్‌ఫామ్ మీద వరసకట్టి నిలబడ్డారు. ప్రతి చేతిలోనూ నా కాగితం, నాలుగు మడతలు పెట్టి. ప్రతి చంకలోనూ చాప. సంచుల్లో కంచాలు చప్పుడవుతున్నాయి. ఒక ఆటోవాడు వస్తే అందరూ ఒక్కసారే మొహాలు బిగబట్టుకున్నారు, నవ్వకూడదని. నా చిన్నప్పుడు బడికి ఇన్స్‌పెక్టర్ వచ్చినప్పుడు మేం అలా నిలబడేవాళ్ళం.

పిన్ని చివరి నుంచి మూడోది. నీలం చీర. జుట్టు పల్చబడిపోయింది. నేను దగ్గరికి వెళ్ళాను. అందరిముందూ మీదపడి ఏడుస్తుందేమో అనుకున్నాను, ఆ పక్కన అయ్యగారు.

రెండు చేతులూ జోడించింది. “వందనాలండమ్మగారూ. మీ కాగితం మాకు చాలా ఉపకారం చేసిందండి. ఆయ్” అంది. కళ్ళు నా మొహంమీద ఆగలేదు. నా భుజం మీదుగా ఎటో చూసింది.

“వందనాలు” అన్నాను నేను. పక్కావిడ దగ్గరికి వెళ్ళాను.

ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. హమ్మయ్య అనిపించింది. ఒంటిమీద గొంగళిపురుగు పడ్డట్టు ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది, కానీ ముందు మాత్రం హమ్మయ్య అనే అనిపించింది.

సాయంత్రం ఆరింటికి రవళి హాలుకి వచ్చింది, వాళ్ళుండేది ఆ సందులోనే. తలుపు దగ్గర నిలబడి చూసి, “గా నీలం చీర పెద్దమ్మ ఎవరక్కా? నవ్వితే అచ్చం నీ లెక్కనే ఉన్నది” అంది.

“ఆ వైపు వాళ్ళందరూ ఒకేలా ఉంటార్లే” అన్నాను.

నా ముక్కు కూడా పైకి లేచిందేమో తెలీదు.

నవంబర్ 22, శనివారం

పొద్దున్న ప్రసంగం. మధ్యాహ్నం భోజనాల దగ్గర హాలువాళ్ళు పద్నాలుగుమందీ ఎవరి కంచాలు వాళ్ళు తీసుకుని, తిన్నాక ఎవరివి వాళ్ళు కడుక్కుని తుడిచి సంచుల్లో పెట్టుకున్నారు. దేవమణి గారికి ముచ్చటేసింది. “ఎంత క్రమశిక్షణో చూడు. మన వాళ్ళకి నేర్పాలి” అన్నారు. టీచర్లకి మాత్రం స్టీలు ప్లేట్లు కమిటీయే వేసింది. అది ఆవిడకి కనపడలేదు. నేను చూశాను.

నేతన్ ఇవాళ సెలవు, వాటర్ క్యాన్లన్నీ అతనే మోశాడు. పిన్నికి కూడా గ్లాసులో నీళ్ళు పోశాడు. నేను అటు తిరిగి అరటిపళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను.

తర్వాత బస్సులో చార్మినార్. అందరూ గాజులకి పోయారు. పిన్ని ఒక్కతే పైకి చూస్తూ నిలబడింది. దగ్గర్లో మనవాళ్ళెవరూ లేరు. పక్కకి వెళ్ళాను. రెండు చేతులూ కొంగులో దాచుకుని ఉంది. వేళ్ళు బయట పడకుండా.

“పిన్నీ” అన్నాను.

“ఎవరన్నా వింటారమ్మగారూ” అంది, మెల్లిగా, పైకి చూస్తూనే. మళ్ళీ తనే, “రెండు రోజులు కాదండి, వారం మానేశానండి పని. నిమ్మచెక్కతో కూడా రుద్దానండి” అంది.

అర్థమైపోయింది ఆవిడకి. ప్రార్థనతో సిద్ధపడవలెను అని నేను ఎంత బాగా తిప్పి రాసినా చదివీ చదవగానే అర్థమైపోయింది. అక్షరాలు నేర్పింది నేనే కదా. రొయ్యల కంపు ఎలాంటిదో, దాన్ని ఎవరు ఎలా అంటారో ఆవిడకి కొత్తేంటి?

ఏమైనా అని ఉండాల్సింది. ‘బస్సెక్కండమ్మా’ అని ఎవరో పిలిచారు. ఆవిడ వెళ్ళిపోయింది. దారంతా నేను ముందు సీట్లో కూర్చుని, మొజాంజాహి మార్కెట్ ఇది, అసెంబ్లీ ఇది అని మైకులో చెబుతూ వచ్చాను. నా గొంతు ఎంత శ్రావ్యంగా ఉందో. దాన్ని ఎవరైనా పట్టుకుని నులిమితే బాగుండనిపించింది.

నవంబర్ 23, ఆదివారం

ఆరాధనలో వచ్చినవాళ్ళని, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పమన్నారు. టీచర్లు చెప్పారు. ప్రయాణంలో దేవుడు కాపాడాడు, మెట్రో ఎక్కాం, నగరం చూశాం. తర్వాత అయ్యగారు హాలువాళ్ళలో ఎవరైనా, అన్నారు. పిన్ని లేచింది.

మైకు పట్టుకోవడం రాలేదు. దేవమణి గారు సర్ది ఇచ్చారు, మైకు అడుగున రెండు వేళ్ళతో.

“నా కడుపున పుట్టినోళ్ళు లేరండి. మా అక్క కూతుర్ని పెంచానండి. ఈ ఊళ్ళోనే ఉంటదండి. చూద్దామనే వచ్చానండి. కాగితంలో రాశారు కదండీ, సుట్టాల్ని ఇబ్బంది పెట్టొద్దని. అందుకని పలకరించలేదండి. కానీ పిల్ల బావుందండి. చల్లగా ఉందండి. నేను దూరంనుంచి చూసుకున్నానండి. దేవుడు నా మొర విన్నాడండి. అంతేనండి నా సాక్ష్యం.”

ఆమెన్ అన్నారు అందరూ. నేనూ అన్నాను. నా నోరు దానంతటదే అంది.

దేవమణి గారు కళ్ళొత్తుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. “ఆ పిల్లెవరో గానీ ఎంత రాతి గుండెదో చూడమ్మా. పెంచినావిడ ఊరికొస్తే ఒకపూట అన్నం పెట్టలేకపోయింది. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు అసహ్యం” అన్నారు.

మూడువారాల్లో ఆవిడ అన్న మాటల్లో నాకు ఎదురు చెప్పబుద్ధి కానిది ఇదొక్కటే.

లేచి నిలబడదామనుకున్నాను. ఇక్కడైనా నిజం రాయాలంటే, అనుకోలేదు. లేచి నిలబడితే ఏమవుతుందో అని ఆలోచించాను, అంతే. రెండూ ఒకటి కాదు.

సాయంత్రం స్టేషన్. బండి కదలడానికి పది నిమిషాలుంది. అయ్యగారు ముందు పెట్టెల దగ్గర ప్రార్థన చేయిస్తున్నారు. పిన్ని కిటికీ దగ్గర సీటు. నేను ఊచలు పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరని నాకంటే ముందు తనే చూసుకుని, మూడురోజుల్లో మొదటిసారి నన్ను ‘నువ్వు’ అంది.

“చిక్కిపోయావే జెన్నీ. వేళకి తినట్లేదా?”

నాకు ఏడుపొచ్చింది.

“ఏడవకు. ఎవరన్నా చూస్తారు” అంది. “అబ్బాయి మంచోడే. నాకు మంచినీళ్ళిచ్చాడు. రెండోసారి కూడా పోశాడు, అడక్కుండానే.” ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో మళ్ళీ కొంగులో పెట్టేసుకుంది. “ఓసారి ఆయన్ని తీసుకుని మన ఊరు రారాదా. మేమెలా ఉండాలో ముందుగా ఓ కాగితం రాసి పంపు. ఇల్లెలా ఉంచాలో, నేనేం కట్టుకోవాలో, ఏం మాట్లాడకూడదో. మన వీధిలో అందరి చేతా చదివిస్తాను. నీకేం మాట రానివ్వను.”

ఎత్తిపొడుపు కాదు. నాకు పిన్ని గొంతు తెలుసు. నిజంగానే అడుగుతోంది.

“సరే, రాసి పంపుతాను” అన్నాను.

బండి వెళ్ళాక గానీ నేనేమన్నానో నాకు ఎక్కలేదు. ప్లాట్‌ఫామ్ చివర కుళాయి దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

నవంబర్ 24, సోమవారం

ఆఫీసుకి వెళ్ళలేదు. కడుపు బాలేదని రవళికి మెసేజ్ పెట్టాను.

నేతన్ టిఫిన్ తింటూ సభ గురించే మాట్లాడాడు. “నిన్న సాక్ష్యం చెప్పిన ఆవిడ ఉందే, పాపం, నాకు రాత్రంతా గుర్తొచ్చింది” అన్నాడు.

“ఆవిడ మా పిన్ని” అన్నాను.

ముందు నవ్వాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. ఇడ్లీ ముక్క చేతిలో అలాగే ఉంది.

“సూపర్‌వైజర్ అన్నావు?”

“కాదు. రొయ్యలు వలుస్తుంది. నన్ను చదివించింది ఆ డబ్బులతోనే.”

“అది కాదు నేనడిగేది” అన్నాడు. “రొయ్యలు వలిస్తే ఏమైంది? మా నాన్న చర్చి మెట్లు తుడిచేవాడు, మొదట్లో. నీకు తెలుసు కదా. మూడురోజులు మన ఇంటికి నాలుగిళ్ళ అవతల చాపమీద పడుకుందా ఆవిడ?”

తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. ఆ మాటే నాకు ఎప్పుడూ గుర్తు రాలేదు, గుర్తు తెచ్చుకోవాలనీ అనుకోలేదు. దేవమణి గారి ముక్కు ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను ఇన్నేళ్ళూ.

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. “నేనెవరో ఆవిడకి తెలుసా?”

“తెలుసు. మన పెళ్ళి ఫోటో పంపాను.”

“మరి నేను నీళ్ళు పోస్తే ‘బాబుగారూ, మీకెందుకండీ శ్రమ’ అందే. అల్లుణ్ణి నేను. ఎందుకలా అంది?”

కాగితంలో రాశారన్న పిన్ని మాట గుర్తొచ్చిందేమో, అతనే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాడు. తను తీయించుకొచ్చిన జిరాక్సే. వారంరోజులుగా పాలు తీసుకున్నప్పుడల్లా కళ్ళముందున్నదే. చివరికొచ్చేసరికి వేలు ఆగింది.

“ఈ చివరిది ఎవరు పెట్టమన్నారు?” అన్నాడు. నా వైపు తిరగలేదు. “దేవమణి ఆంటీయేనా? ఆవిడ బుద్ధి ఇలాంటిదే. చెప్పు, ఇప్పుడే వెళ్ళి అడుగుతాను.”

ఊ అంటే చాలు. అతను నమ్మేస్తాడు. ఆవిణ్ణి తిట్టుకుంటూ సాయంత్రానికి నన్ను ఓదారుస్తాడు కూడా. ఆ ‘ఊ’ నా గొంతు దాకా వచ్చింది, ఈ ఇరవై రోజులూ వచ్చినంత తేలిగ్గా.

“ఆవిడ కాదు” అన్నాను. “ఎవరూ పెట్టమనలేదు. నేనే రాశాను.”